వడపోతకు అందని భయం

సూరత్ నగరాన్ని ఆనుకుని, తాపీ నది ఒడ్డున, 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు కామ్‌రేజ్. ఆ తాలూకాలోని పాసోదరా గ్రామంలో 2022 ఫిబ్రవరి 12న ఒక ఘోరం జరిగింది. చాలాకాలంగా వెంటపడి వేధిస్తున్న ఒక యువకుడు ఒక కళాశాల విద్యార్థినిని ఇంటివారు, ఇరుగుపొరుగువారు చూస్తుండగానే హత్య చేశాడు. అదే సంవత్సరం మే 5న సూరత్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. కేసు మూడు నెలల లోపే తేలిపోయింది. కానీ ఆ రోజు అక్కడున్నవారు ఫోన్లలో చిత్రించిన దృశ్యం మాత్రం ఊరి నుంచి ఊరికి, చేతి నుంచి చేతికి పాకిపోయింది.

ఆ దృశ్యంలో ఏముందో ఈ వ్యాసం వర్ణించదు. మీలో కొందరు ఇప్పటికే చూసి ఉండవచ్చు. ఇప్పుడు వెతికి చూడాలని అనిపిస్తున్నవారు ఆ కోరికను వ్యాసం చివరి దాకా వాయిదా వేయండి. ఇక్కడ మన ప్రశ్న వేరు. ఆ వీధి చివరి ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడు ఉన్నాడనుకుందాం. ఆ వీడియో అతని కంట పడకుండా ఆపడానికి మన దగ్గర ఉన్న ఏర్పాట్లేమిటి? అవి నిజంగా పనికివచ్చేవేనా?

"పిల్లల భద్రత" పేరుతో వీడియో సైట్లు మనకు చాలా సాధనాలు చూపిస్తాయి. పిల్లల యాప్‌లు, వయసు ముద్రలు, నియంత్రిత విధానం, ఫిర్యాదు బటన్లు వాటిలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, కామ్‌రేజ్ సంఘటనను గీటురాయిగా పెట్టుకుని పరీక్షిద్దాం.

భూతాల వేట

ముందుగా మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పిల్లలను భయపెట్టే వీడియోలు అనగానే పెద్దల దృష్టి ఏదో ఒక భూతం మీదికి పోతుంది. 2017లో "బ్లూ వేల్" అనే ప్రాణాంతక ఆట పిల్లలను ఆత్మహత్యకు పురికొల్పుతోందన్న వార్త దేశాన్ని కుదిపేసింది. ఆ ఆటకు దారితీసే లింకులు తొలగించాలని కేంద్ర ప్రభుత్వం ఆగస్టు 11న ఇంటర్నెట్ సంస్థలకు లేఖ రాసింది. తర్వాత నిపుణుల సంఘం ఆ మరణాలను పరిశీలించింది. ఏ ఒక్క సంఘటనలోనూ ఆ ఆట పాత్ర నిర్ధారణ కాలేదని ప్రభుత్వం 2018 జనవరిలో పార్లమెంటుకు తెలిపింది.

2018, 2019 సంవత్సరాల్లో "మోమో" వంతు వచ్చింది. ఉబ్బిన కళ్లు, సాగిన నోరు ఉన్న ఆ బొమ్మ నిజానికి జపాన్ శిల్పి ఐసో కెయిసుకే తయారుచేసిన "మదర్ బర్డ్" అనే శిల్పం. 2016లో టోక్యోలోని ఒక కళా ప్రదర్శనశాలలో దాన్ని ప్రదర్శించారు. పిల్లల వీడియోల మధ్యలో ఈ ముఖం ప్రత్యక్షమై ప్రమాదకరమైన పనులు చేయమంటోందని బ్రిటన్‌లో ప్రచారం జరిగింది. అలాంటి వీడియోలకు తాజా ఆధారాలేవీ తమకు కనిపించలేదని యూట్యూబ్ 2019 ఫిబ్రవరి 27న ప్రకటించింది. విచిత్రం ఏమిటంటే, అప్పటికే ఎందరో పెద్దలు "జాగ్రత్త" అంటూ ఆ ముఖాన్ని నలుగురికీ పంపేశారు. పిల్లల దగ్గరకు ఆ బొమ్మను మోసుకుపోయినవి చాలావరకు ఆ హెచ్చరికలే.

అలాగని ప్రమాదమే లేదనుకోకండి. పిల్లలకు ప్రియమైన కార్టూన్ పాత్రల వేషంలో హింస, జుగుప్స నింపిన వీడియోలు వేల సంఖ్యలో ఉన్నాయని 2017లోనే బయటపడింది. పిల్లల కార్యక్రమాలుగా వేషం వేసుకున్న 50 వేలకు పైగా చానళ్లకూ, దాదాపు 20 లక్షల వీడియోలకూ ప్రకటనలు నిలిపివేశామని యూట్యూబ్ ఆ ఏడాది నవంబరులో చెప్పుకోవలసి వచ్చింది. అంటే ఆధారం లేని భూతం వెనుక మనం పరుగెడుతున్నప్పుడు, ఆధారం ఉన్న ప్రమాదం తన దారిన తాను పెరిగింది. శాస్త్రీయ దృష్టి అవసరమయ్యేది ఇక్కడే. భయం కలిగించిన ప్రతి వార్తా ప్రమాదానికి కొలత కాదు.

ఏ వయసుకు ఏ భయం?

అసలు పిల్లలు దేనికి భయపడతారు? పెద్దలు భయపడేదానికేనా? ఈ ప్రశ్నను దశాబ్దాల పాటు పరిశోధించిన శాస్త్రజ్ఞురాలు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ కాంటర్. "ఇన్‌క్రెడిబుల్ హల్క్" అనే టీవీ ధారావాహికలో మంచివాడైన కథానాయకుడికి కోపం వస్తే ఆకుపచ్చని భారీకాయుడిగా మారి ఆపదలో ఉన్నవారిని రక్షిస్తాడు. ఈ కథను పిల్లలకు చూపి, 1986లో గ్లెన్ స్పార్క్స్‌తో కలిసి ఆమె ప్రచురించిన అధ్యయనం ఆసక్తికరమైనది. బడికి వెళ్లని చిన్నపిల్లలు అతను రూపం మారే ఘట్టానికి బెదిరిపోయారు. బడికి వెళ్లే పిల్లలకు ఆ మార్పు అంత భయం కలిగించలేదు. వచ్చినవాడు రక్షకుడని వారికి తెలుసు. ప్రమాదం ముంచుకొస్తున్న ఘట్టానికే వాళ్లు ఎక్కువ భయపడ్డారు.

దీనికి తోడు మరో ఉదాహరణ. అణుయుద్ధం తర్వాతి పరిస్థితిని చూపిన "ది డే ఆఫ్టర్" అనే చిత్రం 1983 నవంబరు 20న అమెరికా టీవీలో ప్రసారమైంది. అది చూసి చిన్నపిల్లలు బెంబేలెత్తిపోతారని అందరూ అనుకున్నారు. తీరా తల్లిదండ్రులను విచారిస్తే పన్నెండేళ్ల లోపు వారి కంటే పైవారే ఎక్కువ కలత చెందినట్లు తేలింది. ఎందుకంటే, అణుబాంబు అంటే ఏమిటో అర్థమైతేనే కదా దానికి భయపడేది!

ఈ రెండు ఫలితాలను కలిపి చూస్తే ఒక సూత్రం దొరుకుతుంది. చిన్నపిల్లలు కనిపించేదానికి భయపడతారు. ఏడెనిమిదేళ్లు దాటినవారు జరగగలిగేదానికి భయపడతారు. రాక్షసుడి బొమ్మ నాలుగేళ్ల పాపను నిద్రలో ఉలిక్కిపడేలా చేస్తుంది. అదే బొమ్మను చూసి నవ్వే పదేళ్ల అన్న, ఏ రాక్షసుడూ లేని ఒక వార్తా దృశ్యం చూసి మర్నాడు ఇల్లు కదలనని మొండికేయవచ్చు.

ఇప్పుడు కామ్‌రేజ్‌కు తిరిగి వద్దాం. ఆ వీడియో హైదరాబాదులో చూసినవారికి ఎక్కడో జరిగిన దారుణం. పాసోదరా పిల్లవాడికి మాత్రం అది తన వీధి, తను సైకిలు తొక్కే మలుపు, ట్యూషన్‌కు వెళ్లే అక్క నడిచే దారి. "అది సినిమారా, నిజం కాదు" అని అతనికి నచ్చజెప్పే వీలు ఎవరికీ లేదు.

ఇలాంటి భయం ఎంతకాలం నిలుస్తుంది? క్రిస్టెన్ హారిసన్‌తో కలిసి కాంటర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో 153 మంది కళాశాల విద్యార్థులను ఈ విషయమే అడిగారు. 138 మంది, అంటే 90 శాతం, తెర మీద చూసినదేదో తమను చూడడం ముగిసిన తర్వాత కూడా వెంటాడిందని రాశారు. దాదాపు నాలుగోవంతు మందికి ఆ కలత సంవత్సరాల తర్వాత కూడా కొంత మిగిలే ఉంది. అయితే ఇవి జ్ఞాపకం మీద ఆధారపడిన జవాబులనీ, జవాబిచ్చినవారు అమెరికా విద్యార్థులనీ మరచిపోకూడదు. ఆ శాతాలను యథాతథంగా మన పిల్లలకు అంటగట్టలేం. భయం తెరతోపాటు ఆరిపోదన్న సంగతి మాత్రం వాటి వల్ల తెలుస్తోంది.

మొదటి వడపోత: వయసు ముద్ర

ఇక సాధనాల సంగతి చూద్దాం. అన్నిటికంటే పాతది వయసు ముద్ర. సినిమాకు "యు", "ఎ" సర్టిఫికెట్లు మీకు తెలిసినవే. 2021 ఫిబ్రవరి 25న వెలువడిన సమాచార సాంకేతిక నియమాలు ఓటీటీ వేదికల కార్యక్రమాలకు 7, 13, 16 ఏళ్ల మెట్లతో ఇలాంటి వర్గీకరణనే తప్పనిసరి చేశాయి. సినిమా సర్టిఫికెట్లలోనూ 2024లో ఈ మెట్లు వచ్చాయి.

ఇందులోని లోపం వెంటనే కనిపిస్తుంది. ఎవరో నిర్మించి, ఎంపిక చేసి విడుదల చేసే కార్యక్రమానికి ముద్ర వేయవచ్చు. దారిన పోయే మనిషి ఫోనుతో తీసి క్షణంలో ఎక్కించే వీడియోకు ముద్ర వేసేదెవరు? 2020 జనవరి నుంచి యూట్యూబ్‌లో వీడియో పెట్టేవారే అది పిల్లల కోసం చేసినదో కాదో చెప్పాలి. అమెరికాలో పిల్లల సమాచారాన్ని అక్రమంగా సేకరించారన్న కేసులో 2019 సెప్టెంబరులో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్న తర్వాత వచ్చిన మార్పు ఇది. కానీ ఆ ముద్ర పుట్టింది ప్రకటనల కోసం, సమాచార సేకరణ కోసం. వీడియో భయపెడుతుందా లేదా అన్న ప్రశ్న అందులో లేనే లేదు. కామ్‌రేజ్ వీడియో ఈ వడపోతలోంచి ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది.

రెండో వడపోత: యంత్రం

రెండోది యంత్రం చేసే పరీక్ష. ఇది రెండు రకాలు. తెలిసిన చెడు వీడియోను గుర్తుపట్టడం మొదటిది. ప్రతి వీడియో నుంచి గణితపరంగా ఒక గుర్తు తయారుచేస్తారు. అది వేలిముద్ర లాంటిది. అదే గుర్తున్న వీడియో మళ్లీ వస్తే గుమ్మంలోనే ఆపేస్తారు. ఇది ఎంత పనిచేస్తుందో 2019 మార్చి 15న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో జరిగిన కాల్పుల తర్వాత తెలిసింది. తొలి 24 గంటల్లో ఆ వీడియో ప్రతులు 15 లక్షలు తొలగించామని, అందులో 12 లక్షలకు పైగా ఎక్కించేటప్పుడే ఆపామని ఫేస్‌బుక్ చెప్పింది. ఘనకార్యమే. కానీ తీసివేత చేసి చూడండి. దాదాపు 3 లక్షల ప్రతులు గుమ్మం దాటి లోపలికి వచ్చాకే తొలగిపోయాయి. అంచులు కత్తిరించడం, తెరను మరో ఫోనుతో చిత్రించడం, పైన అక్షరాలు అతికించడం వంటి మార్పులతో వేలిముద్ర మారిపోతుంది. అలాంటి రూపాంతరాలు 800కు పైగా కనిపించాయి.

రెండో రకం, కొత్త వీడియోను చూసి అది ఎలాంటిదో యంత్రం ఊహించడం. కోస్తాస్ పాపడామూ, అతని సహచరులు 2020లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికివస్తుంది. పిల్లలకు తగని వీడియోలను గుర్తించడానికి వారు తయారుచేసిన యంత్రం 84.3 శాతం సార్లు సరైన జవాబు చెప్పింది. పరీక్షలో 84 మార్కులు వస్తే మీరు సంతోషిస్తారు. కానీ కోట్ల వీడియోల మధ్య ప్రతి వందకూ సుమారు 16 తప్పులంటే తేలికైన విషయం కాదు.

అదే పరిశోధనలో ఇంకో లెక్క ఉంది. పసిపిల్లల వీడియో ఒకటి మొదలుపెట్టి, సైటు సిఫారసు చేసే వీడియోలను వరుసగా పది మెట్లు అనుసరిస్తే, తగని వీడియో ఎదురయ్యే అవకాశం 3.5 శాతం అని తేలింది. "అంతేనా?" అనిపిస్తుంది. పాపాయి రోజుకు ఒక్కసారి ఇలా పది మెట్లు నడిచిందనుకుందాం. ఒక రోజు గండం తప్పే అవకాశం 0.965. ప్రతి రోజూ విడిగా లెక్క వేస్తే, ఇరవై రోజులు వరుసగా తప్పించుకునే అవకాశం 0.965ను ఇరవైసార్లు గుణిస్తే వస్తుంది. కాలిక్యులేటరు తీసుకుని చేసి చూడండి. 0.49 వస్తుంది. అంటే మూడు వారాలు తిరిగేలోపు ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం సగానికి పైనే. ఇది ఆనాటి కొలత. సైటు అప్పటి నుంచి మారింది కూడా. అయినా చిన్న శాతాన్ని రోజుల సంఖ్యతో కలిపి చూడాలన్న పాఠం మారదు.

యంత్రానికి సహజమైన ఇబ్బంది మరొకటి ఉంది. హింసా దృశ్యాలను నిషేధించే నిబంధనలు వార్త, విద్య, డాక్యుమెంటరీ, శాస్త్రం, కళ వంటి సందర్భాలకు మినహాయింపు ఇస్తాయి. ఆ మినహాయింపు అవసరమే. 2020 మే 25న అమెరికాలో జార్జి ఫ్లాయిడ్ మరణాన్ని ఒక పదిహేడేళ్ల అమ్మాయి ఫోనులో చిత్రించకపోతే నిజం బయటపడేది కాదు. పాసోదరా కేసులోనూ వీడియో కోర్టులో సాక్ష్యంగా పనికివచ్చింది. కాని అదే మినహాయింపు చాటున, హత్య దృశ్యాన్ని కొంచెం మసకబార్చి, పైన "వార్త" అని రాసి, నేపథ్యంలో బీభత్స సంగీతం కలిపి పదే పదే తిప్పవచ్చు. అది సమాచారమా, వ్యాపారమా అన్నది యంత్రానికి ఎలా తెలుస్తుంది?

మూడో వడపోత: ఫిర్యాదు

యంత్రం దాటినవాటిని మనిషి పట్టుకోవాలి. చూసినవారు ఫిర్యాదు చేస్తే సంస్థ పరిశీలిస్తుంది. ఇందులో మొదటి లోపం పేరులోనే ఉంది. ఎవరో ఒకరు చూసిన తర్వాతే ఫిర్యాదు పుడుతుంది. పాసోదరా సంఘటన నాటికి అమలులో ఉన్న నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో పరిష్కరించాలి. తర్వాతి సవరణలు కొన్ని రకాల ఫిర్యాదులకు గడువు కుదించాయి. అయినా గంటల్లో పాకే వీడియోకు రోజుల్లో వచ్చే జవాబు సరితూగదు.

రెండో లోపం, ఆ దారి అందరికీ తెలియదు. గ్రామీణ విద్యార్థులపై "అసర్" సంస్థ 2024లో జరిపిన సర్వేలో, సామాజిక మాధ్యమాలు వాడే 14 నుంచి 16 ఏళ్ల వారిలో ఒక ప్రొఫైలును అడ్డుకోవడమో, ఫిర్యాదు చేయడమో తెలిసినవారు 62 శాతం మాత్రమే. మిగతావారికి తలుపు ఎక్కడుందో కూడా తెలియదన్నమాట.

నిషేధం సంగతి

ఇన్ని చిల్లులుంటే అసలు పిల్లలను రానివ్వకపోతే పోలేదా? ఆస్ట్రేలియా ఆ పని చేసింది. 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు వారికి సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకూడదు. ఈ జాబితాలో యూట్యూబ్ కూడా ఉంది. అయితే ఖాతా లేకపోయినా వీడియోలు చూడవచ్చు. ఖాతా ఉంటే వయసును బట్టి కొన్ని రక్షణలైనా పనిచేస్తాయి. ఉదాహరణకు, 13 నుంచి 17 ఏళ్ల వారి ఖాతాల్లో వీడియో తర్వాత వీడియో తనంతట తానే మొదలయ్యే ఏర్పాటును యూట్యూబ్ 2021లో ముందుగానే ఆపి ఉంచింది. ఖాతా లేని పిల్లవాడికి ఆ రక్షణ కూడా ఉండదు. తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచిపెట్టినట్లయింది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి ప్రవర్తనను గమనిస్తూ వెంటాడడాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. మంచి అడుగే. కానీ చూస్తున్నది బాలుడని సంస్థకు తెలిస్తేనే కదా ఈ రక్షణ! చిక్కంతా అక్కడే ఉంది.

ఒకే ఫోను ఉన్న ఇల్లు

సూరత్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలెన్నో అక్కడి మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. అలాంటి ఒక ఇల్లు ఊహించుకోండి. నాన్నది పన్నెండు గంటల షిఫ్టు. అమ్మ ఇంట్లోనే చీరలకు రాళ్లు అతుకుతుంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న పేరు మీద, నాన్న వయసుతో ఉంది. అది పగలు అక్క హోంవర్కుకు, సాయంత్రం తమ్ముడికి అన్నం తినిపించడానికి, రాత్రి బాపు వార్తలకు. సైటు దృష్టిలో మాత్రం చూస్తున్నది ఒక్కడే, నలభై ఏళ్ల మగవాడు. రాత్రి బాపు చూసిన నేరవార్తల మాదిరివే మర్నాడు తమ్ముడి తెర మీద వరుసకడితే ఆశ్చర్యం ఏముంది?

పిల్లల యాప్ మంచిదే. నాలుగేళ్ల లోపు, 5 నుంచి 8, 9 నుంచి 12 ఏళ్లు అనే మూడు మెట్లు, పెద్దలు ఎంచినవి మాత్రమే కనిపించే ఏర్పాటు యూట్యూబ్ కిడ్స్‌లో ఉన్నాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తప్పక వాడదగినది. కానీ ఆ సాధనం ఎలాంటి ఇంటిని మనసులో పెట్టుకుందో గమనించండి. పిల్లవాడికి విడిగా ఒక పరికరమో ప్రొఫైలో ఉండాలి. దాన్ని అమర్చే తీరిక, చదువు పెద్దలకు ఉండాలి. "తల్లిదండ్రులు పక్కన కూర్చుని చూడాలి" అనే సలహా కూడా అలాంటిదే. షిఫ్టులో ఉన్న మనిషి పక్కన ఎలా కూర్చుంటాడు?

పరీక్షించిన సాధనాలన్నిటిలో ఉమ్మడిగా ఉన్న లోపం ఇప్పుడు చెప్పవచ్చు. ముద్ర, యంత్రం, ఫిర్యాదు మూడూ "ఇది ఎలాంటి వీడియో?" అని అడుగుతున్నాయి. భయం పుట్టేది మాత్రం వీడియోలో కాదు, చూసేవారిలో. వారి వయసెంత, అది వారి ఊరేనా, ఒంటరిగా చూస్తున్నారా అన్నదే దాని తీవ్రతను నిర్ణయిస్తుంది. "ఇప్పుడు చూస్తున్నదెవరు?" అన్న ప్రశ్నకు సైటు దగ్గర నమ్మదగిన జవాబు లేదు. జవాబు తెలియనప్పుడు పెద్దవారే అనుకోవడం దాని అలవాటు. నా విమర్శ ఆ అలవాటు మీదే. ఎవరో తెలియనప్పుడు పిల్లలే కావచ్చని అనుకోవడం న్యాయం. నిజమైన మరణాన్ని చూపే వీడియోలను వెతికినవారికి హెచ్చరికతో చూపవచ్చు. అడగని వారి ముందుకు సిఫారసుగా తోయకూడదు. తర్వాతి వీడియో తనంతట తానే మొదలవడం అందరికీ ఆపి ఉంచి, కావలసినవారు తెరుచుకునేలా చేయవచ్చు. దీనికి కొత్త విజ్ఞానం అక్కరలేదు. స్విచ్ ఇప్పటికే ఉంది, ఏ వైపు పెట్టి ఇవ్వాలన్నదే ప్రశ్న.

మీ చేతిలో ఉన్నది

సంస్థలు మారేదాకా ఏం చేయాలి? "చూస్తున్నదెవరు?" అన్న ప్రశ్నకు ఇంట్లో జవాబు తెలిసినవారు ఒకరున్నారు. చాలాసార్లు అది అమ్మానాన్న కాదు, మీరే. ఫోను తమ్ముడికి ఇచ్చేదీ మీరే, ఏం చూశాడో మొదట తెలిసేదీ మీకే.

ఫోను ఇచ్చే ముందు తర్వాతి వీడియో తనంతట తానే మొదలయ్యే ఏర్పాటును ఆపండి. చూసిన వీడియోల చరిత్రను నిలిపివేస్తే, బాపు చూసినవి తమ్ముడి సిఫారసుల్లోకి రావడం తగ్గుతుంది. వీలైతే వీడియోను ముందే దించి ఉంచి, ఇంటర్నెట్ ఆపి ఇవ్వండి. సిఫారసు చేయడానికి అక్కడ ఇంకేమీ ఉండదు.

అయినా ఏదో చూసి బెదిరాడనుకోండి. కాంటర్ పరిశోధనలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఆరేడేళ్ల లోపు వారికి వివరణలు అంతగా పనిచేయవు. దగ్గరకు తీసుకోవడం, మంచినీళ్లివ్వడం, వేరే ఆటలో పెట్టడం పనిచేస్తాయి. పెద్దపిల్లలకు నిజం చెప్పాలి. నేరస్థుడు పట్టుబడ్డాడా, అలాంటివి ఎంత అరుదు, ఆపద వస్తే ఎవరికి చెప్పాలి అన్నవి వారు తెలుసుకోవాలి. "ఇంత పిరికివాడివేమిట్రా" అనకండి. అలా అంటే భయం తగ్గదు, మీకు చెప్పడం మానేస్తాడు. నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్లనని ఏడవడం వారాల తరబడి సాగితే పెద్దలకు చెప్పి వైద్యుణ్ని కలవాలి. మానసిక సహాయానికి టెలీమానస్ నంబరు 14416, పిల్లల సహాయానికి 1098 ఉన్నాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఘోరాన్ని చిత్రించిన వీడియో మీ చేతికి వస్తే అది సాక్ష్యం కావచ్చు. అప్పుడు దాన్ని పోలీసులకు ఇవ్వండి. మిత్రబృందానికి పంపకండి. బోస్టన్ మారథాన్‌లో 2013 ఏప్రిల్ 15న బాంబులు పేలిన తర్వాత 4,675 మంది పెద్దలపై జరిగిన అధ్యయనంలో ఆలోచించదగిన ఫలితం వచ్చింది. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలూ దృశ్యాలూ చూసినవారిలో, పేలుడును ప్రత్యక్షంగా ఎదుర్కొన్నవారి కంటే ఎక్కువ మానసిక ఒత్తిడి కనిపించింది. ముందే ఆందోళన ఉన్నవారు ఎక్కువ చూసి ఉండవచ్చు, కనుక కార్యకారణం ఏదో తేల్చి చెప్పలేం. కానీ పెద్దల సంగతే ఇలా ఉంటే, పదే పదే తిరిగే దృశ్యం పిల్లలకు హానిచేయదని ధీమాగా ఎవరు చెప్పగలరు?

పాసోదరాకు రాకముందే, సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో 2019 మే 24న తక్షశిల భవనంలోని కోచింగ్ కేంద్రం మంటల్లో చిక్కుకుని 22 మంది విద్యార్థులు మరణించారు. ప్రాణాలు దక్కించుకోవడానికి పిల్లలు పైనుంచి దూకుతున్న దృశ్యాలు దేశమంతా తిరిగాయి. ఆ దృశ్యాలను చూసి అగ్నిమాపక ఏర్పాట్ల గురించి నిలదీసినవారు ఉన్నారు. ఊరికే చూసి, ఊరికే పంపినవారు అంతకంటే ఎక్కువమంది. దృశ్యం ఒకటే అయినా, దానితో ఏం చేశామన్నదే తేడా.

వ్యాసం మొదట్లో ఒక కోరికను వాయిదా వేయమన్నాను. ఆ వీడియోను ఇప్పుడు వెతకాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెతికే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. మీరు చూసిన ప్రతిసారీ, సైటు లెక్కలో అది "జనం చూసే వీడియో" అవుతుంది. రేపు అదే ఫోను మీ తమ్ముడి చేతిలో ఉంటుంది.